బాగానే చేసినాడు

తలుపుకు తాళం. కొత్తచెరువులో ఒక బస్సు దిగి ఇంకో బస్సెక్కి, నల్లమాడ స్టాండులో ఇద్దరు ముగ్గుర్ని అడిగి, ఎండలో ఈ వీధి కొసదాకా నడిచొచ్చాక ఎదురైంది తాళంకప్ప. ఇంకొకరైతే ఉసూరుమని కూలబడేవాళ్ళే గానీ జ్యోతిలక్ష్మి ముందు తలెత్తి సజ్జ వంక చూసింది, ఆమె ఇంటావిడ కోసం ఎంత వచ్చిందో ఇంటి కప్పు కోసమూ అంతే వచ్చింది, కప్పుకు ఎవరూ తాళం వేసుకుని పోలేరు కదా. ఎదురింటి గడపలో విత్తనం చెనిక్కాయలు ఒలుస్తున్న అవ్వ చెయ్యి ఆపకుండానే, "రామాంజినమ్మ టమోటా తోటకు కూలికి పోయింది, వచ్చే పొద్దైంది, కూర్చో," అంది. కాసేపటికి, "యా ఊరు మీది?" అంది. "ధర్మవరం అవ్వా." "చీరలు అమ్మేకొచ్చినావా?" "లేదవ్వా, మిద్దె చూసేకొచ్చినా." అవ్వ ఈసారి చెయ్యి ఆపింది. "మిద్దె చూసేకి బస్సెక్కి వచ్చిందంట," అని లోపల ఎవరికో చెప్పి మళ్ళీ ఒలుచుకోసాగింది.

జ్యోతిలక్ష్మి చెంగుతో దుమ్ము దులుపుకుని అరుగు మీద కూర్చుంది. ఆషాఢం గాలి వీధి పొడుగునా దుమ్ము లేపుకుంటూ పోతోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. అవ్వ విత్తనం ఒలుచుకుని వాన కోసం చూస్తోంది, బస్సులో జనమంతా వాన మాటే మాట్లాడారు, ఈ ఏడూ మోసం చేస్తుందేమో, ఒక్క పదును పడితే చాలు విత్తేస్తాం అని, జిల్లా జిల్లా అంతా ఆకాశం వంక చెయ్యి చాపి నిలబడిన వేళ ఆమె ఒక్కతే లోపల్లోపల ఆగు తల్లీ, ఇంకొన్నాళ్ళు ఆగు అని మొక్కుకుంటోంది. ఈ మాట పైకి అంటే ఆ అవ్వే చీపురు తిరగేస్తుంది. సిగ్గుగానే ఉంది జ్యోతిలక్ష్మికి. కానీ ఇంట్లో సగం మిద్దె లేదు, లేనిచోట నీలం టార్పాలిన్ ఉంది, ఆ టార్పాలిన్ ఈ గాలికి ఇప్పుడు టపటపా కొట్టుకుంటూ ఉంటుంది, దాని కింద హరినాథ్ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, నాడె విసరడం మధ్యలో ఆపి పైకి చూస్తూ ఉంటాడు. ఆయన నోరున్న మొగుడు కాదు, ఆయన చూపే చాలు. మొన్న అన్నం తింటూ ఒక్క మాటన్నాడు, మగ్గం అమ్మేసి బెంగళూరు పోదాం, గార్మెంట్స్‌లో ఇద్దరికీ పని దొరుకుతాది అని. ఆమె మజ్జిగ పోసింది. పట్టిచ్చి నేయించుకునే షావుకారు వెంకటేశులు కూడా కోపంగా ఏమీ అనలేదు, "మిద్దె ఏయించినాక రాండమ్మా, అప్పుడిస్తా కొత్త పడుగు," అన్నాడు, అంతే. ఇప్పుడు మగ్గం మీదున్న పడుగు అయిపోవస్తోంది. అది అయిపోయిన వెంటనే మిద్దె వేయించకపోతే ఆ గుంతలో కాళ్ళు పెట్టుకునే మనిషి ఉండడు.

సజ్జ అడుగున కాంక్రీటు చదునుగా ఉంది, పలకల అచ్చులు ఎగుడుదిగుడుగా పడలేదు, అంచున నీళ్ళు కారిపోవడానికి చిన్న గీత కూడా తీశాడు ఈ ఇల్లు కట్టిన మేస్త్రీ. ఎదురుగా కనబడేచోట ఎవరైనా బాగానే చేస్తారు. నేతలో తొందరపడితే అది పైటలో కనబడదు, లోపలికి మడత పడే కొసలో కనబడుతుంది, అందుకని ఆమె లేచి ఇంటి పక్క సందులోకి పోయి, మెట్ల కింద, ఎవరూ చూడని చోట వంగి చూసింది. అక్కడా అట్లాగే ఉంది. అవ్వ మెడ చాచి చూస్తోంది. చూడనీ. దొంగైతే మెట్ల కింద వేలితో సిమెంటు గీకి చూస్తుందా ఎక్కడైనా. తిరిగొచ్చి కూర్చుంది, కొంచెం ఊపిరాడినట్టుంది గానీ నమ్మకం రాలేదు, ఎందుకంటే పోయినేడు పిలిచిన మేస్త్రీ గంగప్ప పని కూడా చూడ్డానికి బాగుండేది.

గంగప్ప పేరు చెప్పింది సిమెంటు అంగడాయన. పోయినేడు పాత బండల మిద్దె కారడం మొదలైతే, ఎవరిని పిలవాలన్నా అని అడిగింది ఆయన్నే, సిమెంటు అమ్మేవాడికి మేస్త్రీలు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తారనుకుంది. ఏ మేస్త్రీ తన అంగట్లో సరుకెత్తుతాడో ఆ మేస్త్రీయే మంచివాడు ఆయనకు, ఈ సంగతి తర్వాత తెలిసింది. అయినా ఆమె ఊరికే నమ్మలేదు, గంగప్ప పని చేసిన ఇంటావిడ నెంబరు తీసుకుని ఫోన్ చేసింది, లక్ష్మీనరసమ్మ ఆ ఇంటావిడ పేరు, "బాగానే చేసినాడక్కా" అంది. ఇంకేం కావాలి. గంగప్ప వచ్చాడు, గోడలు సరిచేశాడు, గోడ మాత్రం ఎంత ముచ్చటగా కట్టాడని, తర్వాత సగం మిద్దె మీది బండలు ఊడబెరికి గోడవారగా పేర్చి, రేపొస్తానని పోయాడు. ఆ రేపు మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే బత్తలపల్లిలో ఉండానంటాడు, ఇంకోసారి చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తి ఫోన్ ఇంట్లో పెట్టిపోయినాడంటుంది. అప్పుడు పడింది వాన, ఏళ్ళ తరబడి మొహం చూపని వాన, సాయంత్రం దీపాలు పెట్టేవేళ వచ్చింది, ఇల్లంతా వదిలేసి నీళ్ళన్నీ పల్లానికి, పల్లం అంటే మగ్గం గుంత, అందులోకి దూకాయి. హరినాథ్ గుంతలో నిలబడి బక్కెట్లతో తోడుతున్నాడు, పైనుంచి ధార పడుగు మీదే పడుతోంది, ఎర్రంచు రంగు చీర తెల్లటి ఒంటి మీదికి దిగింది, ఎవరి పెళ్ళికో ఒప్పుకున్న చీర అది. ఆమె కొంగుతో అద్దింది. పట్టును కొంగుతో అద్దితే ఏమవుతుంది. ఆ చీర ఇప్పటికీ బీరువాలో అడుగున ఉంది, పారేయడానికి చేతులు రావు.

లక్ష్మీనరసమ్మ తర్వాత లేపాక్షిలో కనబడింది, పెద్ద బసవన్న దగ్గర నీడలో కూర్చుని పులిహోర తింటోంది, ఫోన్లో గొంతే గానీ మొహం తెలియదు, మాటల్లో ఆమేనని, ఆమె ఇంటి సంగతీ బయటపడింది. జ్యోతిలక్ష్మి కొట్లాటకు పోలేదు, ఊరికే అడిగింది, "మీ ఇల్లు కూడా సగంలో ఇడిసిపెట్టి పోయినాడంట కదక్కా, మరి నాతో బాగానే చేసినాడంటివి?" ఆమె చేతిలో పులిహోర ముద్ద అట్లాగే పట్టుకుని ఆశ్చర్యపోయింది, తప్పు చేసిన మొహం కాదది, నిజంగా ఆశ్చర్యం. "మంచిగుంది నువ్వు చెప్పేది! వాని పొట్ట నేనేల కొట్టల్ల? పెండ్లాం బిడ్డలుండే మనిషి." తర్వాత ఆకులో పులిహోర పెట్టి తినమంది. ఏమంటాం. తినింది కూడా. ఈ సీమలో వాకిట్లో నిలబడి గొంతు చించుకుని తిట్టుకుంటారు, తాతలదాకా పోతారు, కానీ ఒకరి పనిని గురించి ఇంకొకరు దూరం నుంచి అడిగితే మాత్రం చెడు నోట రాదు, అది కూటి మీద కొట్టడం కిందికి వస్తుంది. పంట పండని నేల మీద చేతిపనే కూడు, ఆ కూట్లో ఎవరూ మన్ను పోయరు. మంచి గుణమే. ఆ మంచి గుణమే జ్యోతిలక్ష్మి మగ్గం గుంతలో నీళ్ళై నిలబడింది.

అందుకే ఈసారి అంగడాయన వద్దు, చుట్టాలు వద్దు, అనంతపురంలో ఆఫీసున్న ఒక ఫోన్ సర్వీసువాళ్ళను పట్టుకుంది. మేస్త్రీలు, కరెంటు పనివాళ్ళు, బోరు వేసేవాళ్ళు, ఏ పనికైనా మంచివాళ్ళను చూసి చెబుతామని వాళ్ళ మాట. అంజలి అని ఒక పిల్ల మాట్లాడుతుంది, గొంతు తేనె. ఐజాక్ అనే మేస్త్రీ ఉన్నాడు మేడం, కదిరి వైపు, అందరూ ఐదుకు ఐదు చుక్కలిచ్చారు, ముగ్గురి నెంబర్లు పంపిస్తున్నా మాట్లాడుకోండి అంది. జ్యోతిలక్ష్మి ముగ్గురికీ చేసింది. బాగానే చేసినాడు. బాగానే చేసినాడక్కా. ఆ, బాగానే చేసినాడు లేమ్మా. మూడో ఫోన్ పెట్టేసరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, మళ్ళీ అంజలికే చేసి, "మంచి చెప్పినోళ్ళ నెంబర్లు ఇచ్చినావు, చెడు చెప్పినోళ్ళది ఒక్కటి ఇయ్యి పాపా," అంది. "చెడు ఎవరూ చెప్పరు మేడం," అంది అంజలి, గర్వంగా. "పోనీ మీరు పూచీ ఉంటారా ఆయనకు?" "పూచీ అంటే ఏంటి మేడం?" ఆ పిల్ల ఎగతాళి చేయలేదు పాపం, తెలియకే అడిగింది. జ్యోతిలక్ష్మి ఏం లేదులే, ఆ ముగ్గుర్లో దగ్గరగా ఉన్నదెవరో చెప్పు, పోయి చూసుకుంటా అంది. అట్లా తేలింది నల్లమాడ.

పూచీ అంటే ఏమని చెబుతుంది. నాయన అనే చెప్పాలి. నాయన రోజుల్లో కొత్త నేతగాడు ఎవరొచ్చినా షావుకారు ఊరికే పట్టూ జరీ చేతిలో పెట్టేవాడు కాదు, నీకు పూచీ ఎవరు అని అడిగేవాడు, పూచీ ఉన్న మనిషి ఆ చీర మగ్గం దిగేదాకా బాధ్యుడు. నాయన ఒకసారి హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒకాయనకు పూచీ ఉన్నాడు, ఆయన చీర సగంలో వదిలేసి రాత్రికి రాత్రే పోతే, మిగిలిన సగం నాయనే కూర్చుని నేసి ఇచ్చాడు, ఒక్క మాట అనకుండా. ఆ తర్వాత పూచీ అడిగితే వెంటనే నోరు తెరిచేవాడు కాదు. వక్క నములుతూ ఆలోచించి, పనికి ఉంటా, మనిషికి ఉండను అనేవాడు. ఇంకొకడికి, మనిషికి ఉంటా, పనికి ఇప్పుడే ఉండను, నేర్చుకుంటాండాడు అనేవాడు. జనం నవ్వేవాళ్ళు, ఇదేం పూచీరా సామీ, తక్కెడలో తూచినట్లు అని. కానీ షావుకార్లు నాయన అట్లా సగం సగం చెప్పిన వాళ్ళనే పిలిచి మగ్గాలిచ్చేవాళ్ళు, ఎందుకంటే దేనికి నమ్మొచ్చో దేనికి కూడదో తెలిసేది.

ఫోన్ మోగింది. హరినాథ్ అనుకుంది, తెలియని నెంబరు. "అక్కా, జ్యోతిలక్ష్మక్కేనా? నన్ను గుమ్మఘట్ట తిప్పేస్వామి అంటారు. నీకు నేను తెలీదు. గంగప్ప మేస్త్రీ మీ ఇంట్లో పని చేసినాడంట కదా, ఆయప్పే ఇచ్చినాడు నీ నెంబరు, శానా మంచోళ్ళు, అడుగు, చెప్తారు అన్నాడు." ఆమెకు ఒక్క క్షణం గాలి కూడా ఆగినట్లయింది. గంగప్పే ఇచ్చాడా. అంత ధైర్యం. "మిద్దె ఇప్పేసి స్లాబు ఏయల్ల అనుకొంటిమి. మనుషుల్ని పిల్చుకొని వచ్చినాడు, ఈడనే నిలబడుకోనుండాడు, టెంకాయ కొట్టేముందర ఒక మాట అడుగుదామని చేస్తి. మా నాయనకు పక్షవాతం, మంచం మీదే ఉండాడు, ఒకే గది. ఎట్ల చేసినాడక్కా?" ఎట్లా చేశాడని చెబుతుంది. అక్కడ గంగప్ప నిలబడి ఉన్నాడు, మెడలో తువ్వాలతో, వక్కపొడి నములుతూ, ఆ నల్లటి నవ్వు మొహంతో, పక్కన కూలీలు, వాళ్ళలో వాడి పెళ్ళాం కూడా ఉండొచ్చు, పోయినేడు ఇటుకలు మోసేటప్పుడు బిడ్డను జ్యోతిలక్ష్మి ఇంట్లోనే పడుకోబెట్టింది, ఉయ్యాల ఊపింది కూడా ఈమే. "ఆ... బాగానే చేసినాడన్నా," అంది జ్యోతిలక్ష్మి. "సరేక్కా, సంతోషం," అని ఆయన పెట్టేశాడు.

ఫోన్ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఆ మాట తను అనాలని అనలేదు, దానంతటదే వచ్చింది, అన్నం తిన్నావా అంటే తిన్నానని వచ్చినట్లు. బీరువాలో రంగు దిగిన చీర పెట్టుకుని, సగం మిద్దెకు టార్పాలిన్ కట్టుకుని, బాగానే చేసినాడు. లక్ష్మీనరసమ్మ పులిహోర ముద్దతో ఎదురుగా నిలబడి, చూసినావా అన్నట్లుంది. అయినా ఎవరో గుమ్మఘట్ట మనిషి, చిన్నపిల్లాడా, చూసుకుంటాడులే, ఈసారి గంగప్ప సరిగ్గా చేస్తాడేమో, మనుషులు మారరా. వాడి పొట్ట నేనేల కొట్టాలి. మంచం మీదున్న తిప్పేస్వామి నాయన పైకి చూస్తూ పడుకుని ఉంటాడు, మంచం మీది మనిషికి కప్పు తప్ప చూడ్డానికి ఏముంటుంది, ఆ కప్పు తీసేస్తే ఆకాశం. ఇంకొన్నాళ్ళు ఆగు తల్లీ. ఇప్పుడు ఇద్దరికోసం మొక్కాలి. అవ్వ చాటలో చెనిక్కాయ పప్పు గలగలా చెరుగుతోంది. జ్యోతిలక్ష్మి గోడకు ఆనుకుంది, ఐజాక్ కట్టిన గోడ చల్లగా ఉంది.

రామాంజినమ్మ నెత్తి మీద గడ్డిమోపుతో, కొంగులో నాలుగు టమోటాలతో వచ్చింది. మోపు దించి, తాళం తీసి, అడగకముందే చెంబుతో నీళ్ళిచ్చి, అప్పుడు ఎవరమ్మా నువ్వు అంది. ఫోన్ చేసిన ధర్మవరం మనిషినని చెబితే నవ్వింది, "చెప్తి కదమ్మా ఫోన్లోనే, బాగానే చేసినాడని. దానికింత దూరం వచ్చినావా?" లోపల ఒకే పెద్ద గది, పైన స్లాబు తెల్లగా, ఎక్కడా చెమ్మ మరక లేదు. జ్యోతిలక్ష్మి నీళ్ళు తాగి చెంబు కింద పెట్టింది. ఎట్లా చేశాడని మళ్ళీ అడగలేదు. "అక్కా, మాది మగ్గం ఇల్లు. ఒకసారి సగం మిద్దె ఇప్పేసి పోయినాడు ఒకడు, వాన వచ్చి పడుగంతా తడిసిపాయె. ఇంకోసారి అట్లయితే నా మగ్గం ఉండదు. నీ మాట మీదే ఈయప్పను పిలుస్తా. నువ్వు పూచీ ఉంటావా?" రామాంజినమ్మ నవ్వు ఆగిపోయింది. ఆమెకు ఆ మాట తెలుసు. కొంగులోని టమోటాలు గూట్లో ఒక్కొక్కటే పెట్టింది, పైకి స్లాబు వంక చూసింది, జ్యోతిలక్ష్మి మొహం వంక చూసింది.

"పూచీ అంటే వేరేమ్మా," అంది చివరికి. "పనికి ఉంటా. ఇను, మాకు తాగేకి నీళ్ళు లేని కాలంలో ఏసినాడు ఈ స్లాబు. అది గట్టిపడేకి మిద్దె మీద కట్టలు కట్టి నీళ్ళు నిలబెట్టల్ల అన్నాడు. గొంతు తడుపుకునేకి లేవు, మిద్దెకు పోయల్లనా అని నేను రచ్చ చేసినా. ఆయప్ప ఒప్పుకోలే, దినామూ ఎక్కి చూసేది, ఎండినచోట నన్ను తిట్టేది. పనికి ఉంటా. తేదీకి మాత్రం ఉండనమ్మా. ఎవురు పిలిచినా లేదనేకి నోరు రాదు ఆయప్పకు, మూడు ఇండ్లు ఒకటేసారి ఒప్పుకుంటాడు. కాంక్రీటు కలిపే మిషను మా వాకిట్లో ఉండేదాక దినామూ వచ్చినాడు, దాన్ని తీస్కపోయినాక మెట్లకు నెల చేసినాడు. నువ్వు పిలిస్తే ఆ మిషను కదలనీయద్దు. దాని చక్రానికి గొలుసేసి తాళం బిగించుకో." చెప్పేసి, ఎవరైనా విన్నారేమోనని గుమ్మం వైపు చూసి, "నేను చెప్పినానని చెప్పద్దు," అంది.

ముగ్గురు ఫోన్లో చెప్పిన మంచికన్నా ఈ సగం చెడే గట్టిగా ఉంది, కాలు పెట్టి నిలబడొచ్చు. జ్యోతిలక్ష్మికి ఒక్కసారిగా అన్నీ కుదురుకున్నాయి. మగ్గం మీదున్న చీర దిగినాకే ఐజాక్ రావాలి, ఇనుమూ సిమెంటూ అన్నీ వాకిట్లో పడినాకే మిగిలిన బండలు కదపాలి, మిషను మాత్రం మగ్గం ఇంటి కిటికీ కమ్మీకి గొలుసుతో ఉంటుంది. హరినాథ్ నవ్వుతాడు ఈ మాటకు, ఎన్నాళ్ళైందో ఆయన నవ్వి. అంజలికి చెప్పాలి, ఐజాక్‌ను పంపమని, ఇంకొకటి కూడా చెప్పాలి, ఇకమీదట ఎవరినీ ఎట్లా చేశాడని అడగొద్దు పాపా, దేనికి పూచీ ఉంటావని అడుగు, చుక్కలు తర్వాత పెట్టుకో అని. లేచి చెప్పులు వేసుకోబోయి, వేసుకోలేదు. నాయన వక్క నములుతూ చూస్తున్నట్లుంది. మరి నువ్వు అన్నట్లు.

అరుగు మీదే నిలబడి ఇందాకటి నెంబరుకు ఫోన్ కలిపింది. చాలాసేపు మోగింది, గాలికి కొంగు మొహం మీద పడితే తీసుకుంది, ఎత్తితే బాగుండు, ఎత్తకపోతే బాగుండు. ఎత్తాడు. అటువైపు ఒకటే చప్పుడు, మనుషుల కేకలు, బండ మీద గడ్డపార పడే చప్పుడు. "చెప్పక్కా," అన్నాడు తిప్పేస్వామి పెద్దగా. "టెంకాయ కొట్టేస్తిమి."

"అన్నా, ఇందాక చెప్పిన మాట వాపసు తీసుకుంటాండా. గంగప్ప గోడ బాగా కడతాడు, గోడకు పూచీ ఉంటా. మిద్దెకు ఉండను. మా మిద్దె ఇప్పేసి పోయి మళ్ళీ రాలే. ఇప్పటికీ టార్పాలిన్ కిందే ఉండాము."

"అదేందక్కా? బాగానే చేసినాడంటివి కదా?"

"అందరమూ అట్లే చెప్తామన్నా. నాకూ అట్లే చెప్పినారు. ముందు మీ నాయన మంచానికి పైనుండే బండలు ఇప్పకుండా ఆపించు."

తిప్పేస్వామి ఫోన్ చెవి నుంచి తీసినట్లున్నాడు, గొంతు దూరమైంది. "గంగప్పా! ఓ గంగప్పా! నిల్సప్పా, నిల్సు!"

గడ్డపార చప్పుడు ఇంకోసారి వినబడింది. తర్వాత ఆగింది.